చివరి ఓవర్ ఎవరి చేతికి?

*ఐపీఎల్ వేలంలో పది కోట్లు. గోదావరి ఒడ్డు టోర్నీలో పెట్రోలు ఖర్చు, పూట భోజనం, కాస్త రొక్కం. ధరలో పోలిక లేదు. గిరాకీ మాత్రం ఒక్కదానికే... ముదురు బౌలర్ అనుభవానికి!*

సంక్రాంతి వారంలో భద్రాచలం చుట్టుపక్కల ఏ ఊరి మైదానానికి వెళ్లినా ఇంచుమించు ఇదే దృశ్యం. కోతలైపోయిన చేనును చదును చేసి, సున్నంతో క్రీజు గీస్తారు. వెదురు బొంగుల మధ్య దాతల ఫొటోలతో ఫ్లెక్సీ వేలాడుతుంటుంది. షామియానా కింద మైకు పట్టుకున్న కుర్రాడు బంతి బంతికీ గొంతు చించుకుంటాడు. స్కోరు రాసే బల్ల మీద ఆధార్ కార్డుల జిరాక్సులు కట్టగట్టి ఉంటాయి. జట్టులో ఎవరు లోకల్, ఎవరు బయటివాళ్లు అన్న తగాదా వస్తే తేల్చేది ఆ కాగితాలే. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు, అశ్వాపురం జట్లుంటాయి. చింతూరు, కూనవరం నుంచి వస్తారు. సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచీ బైకుల మీద దిగుతారు.

ఆఖరి రెండు ఓవర్లలో పంతొమ్మిది పరుగులు కావాలి. ఫీల్డింగ్ జట్టు కెప్టెన్ డిగ్రీ చదివే కుర్రాడు. బంతి తీసుకుని నేరుగా జట్టులోకెల్లా పెద్దవాడి దగ్గరికి పరుగెత్తుతాడు. మోకాలికి పట్టీ, చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు. కొత్తగూడెం వైపు నుంచి పొద్దున్నే వచ్చిన గెస్ట్ ప్లేయర్ ఆయన.

‘అన్నా, ఈ ఓవర్ నువ్వెయ్యి.’

‘ఇది పిల్లోడికియ్యి తమ్ముడూ. ఆఖరిది నాకుంచు. లాంగాన్‌ను నాలుగడుగులు లోపలికి రమ్మను.’

పిల్లోడి ఓవర్లో పది వస్తాయి. ఇక తొమ్మిది ఆపాలి. పెద్దాయన రనప్ ఐదారు అడుగులే. మొదటి రెండు బంతులూ బ్యాట్స్‌మన్ కాళ్ల మొదట్లో పడే యార్కర్లు. మూడోదానికి ముందు వేళ్లు సర్దుకుంటాడు. బంతిని వేళ్ల కొసల మీంచి అరచేతిలోకి లోతుగా నొక్కుతాడు. చెయ్యి తిరిగే వేగంలో తేడా ఉండదు. బంతి మాత్రం తీరిగ్గా వస్తుంది. బ్యాట్స్‌మన్ ముందే ఊపేస్తాడు. గాల్లోకి లేచిన బంతి, నాలుగడుగులు లోపలికి వచ్చిన లాంగాన్ చేతుల్లోనే పడుతుంది. మైదానం హోరెత్తిపోతుంది.

ఆ నాలుగడుగుల కోసమే ఆయన్ను పిలిపించారు. ప్రపంచంలో అతి ఖరీదైన లీగులు కూడా సరిగ్గా దానికోసమే వేటాడుతున్నాయి. వేటలో ఒకరికి పంట పండుతుంది, మరొకరికి చేతులు కాలుతాయి. హైదరాబాద్ అభిమానులకు ఈ రెండూ అనుభవమే.

ఒకే ఏడు పుట్టారు... ఫలితాలు రెండు

2024 నవంబరు 24, 25 తేదీల్లో జెడ్డాలో ఐపీఎల్ మహావేలం జరిగింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ మహమ్మద్ షమీని 10 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పదకొండు సీజన్ల పాటు తమ జెర్సీ వేసుకున్న భువనేశ్వర్ కుమార్‌ను మాత్రం వదులుకుంది. బెంగళూరు అతణ్ని 10.75 కోట్లకు ఎగరేసుకుపోయింది. ఇద్దరూ 1990లోనే పుట్టారు. అప్పటికి ఇద్దరికీ 34 ఏళ్లు. ధరలోనూ పెద్ద తేడా లేదు.

షమీని కొనడం ఆ రోజు ఎవరికీ తప్పనిపించలేదు. 2023 ప్రపంచకప్‌లో ఏడు మ్యాచ్‌ల్లో 24 వికెట్లు తీసిన బౌలర్ అతను. కానీ ఆ టోర్నీ తర్వాత చీలమండ గాయంతో ఏడాది పాటు ఆటకు దూరమయ్యాడు. శస్త్రచికిత్స జరిగింది. వేలానికి కొద్దిరోజుల ముందే బెంగాల్ తరఫున మళ్లీ మైదానంలోకి వచ్చాడు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. ఐపీఎల్‌లో అప్పటిదాకా ఒక మ్యాచ్‌లో ఒక భారత బౌలర్ ఇచ్చిన అత్యధిక పరుగులు అవే. అభిషేక్ శర్మ 141 పరుగుల విధ్వంసంతో హైదరాబాద్ ఆ మ్యాచ్ గెలిచింది కాబట్టి సరిపోయింది. సీజన్ మొత్తంలో షమీ తీసింది ఆరు వికెట్లే. ఏడాది తిరగకుండానే, 2025 నవంబరులో, అదే 10 కోట్లకు లక్నోకు మారిపోయాడు.

భువనేశ్వర్ కథ ఇంకోలా నడిచింది. ఆ సీజన్‌లో 17 వికెట్లు తీశాడు. 2025 జూన్ 3న అహ్మదాబాద్ ఫైనల్లో పంజాబ్ లక్ష్యం వైపు వస్తున్న వేళ, 17వ ఓవర్లో వధేరా, స్టాయినిస్‌లను అవుట్ చేశాడు. బెంగళూరు ఆరు పరుగులతో గెలిచింది. పద్దెనిమిదేళ్ల నిరీక్షణ ఫలించి మొదటిసారి కప్పు అందుకుంది.

వయసు ఒక్కటే చూసి వదులుకున్నా, పేరు ఒక్కటే చూసి కొన్నా దెబ్బ తప్పదని ఈ ఇద్దరి కథా చెబుతోంది. చూడాల్సింది ఆ శరీరం ఎక్కడ తెగి ఎక్కడ అతుక్కుందన్నది. ఆ బౌలర్‌తో ఏ ఓవర్లు వేయించాలో ముందే తేల్చుకున్నారా అన్నది.

కొనక తప్పని లెక్క

ఇంత ప్రమాదం ఉన్నా జట్లు ముదురు బౌలర్ల వెంట ఎందుకు పడతాయి? టీ20లో ఇరవై ఓవర్లు. ఒక్కో బౌలర్‌కు నాలుగే. అంటే కనీసం ఐదుగురు కావాలి. లీగ్ దశలోనే 14 మ్యాచ్‌లు, అదీ నడివేసవిలో. అందులో ఇద్దరికి గాయాలైతే జట్టు చిల్లుల కుండే. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వచ్చాక ప్రతి జట్టుకూ అదనంగా ఒక బ్యాట్స్‌మన్ దొరికాడు. స్కోర్లు చుక్కలంటాయి. మన సన్‌రైజర్సే 2024 ఏప్రిల్ 15న బెంగళూరు మీద 287 పరుగులు బాదింది. అవతలి జట్టూ అలాగే బాదుతుంది మరి! అలాంటి పిచ్‌ల మీద గంటకు 145 కిలోమీటర్ల వేగం ఉన్న కుర్రాడు కూడా బెదిరిపోతాడు. సిక్స్ పడ్డాక తర్వాతి బంతి ఎక్కడ వేయాలో వణక్కుండా తేల్చుకునే తల కావాలి. అది అకాడమీలో ఆరునెలల్లో వచ్చేది కాదు.

మిర్చి కోతకు అదను దాటిపోతుంటే రైతు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీల ముఠాను పిలిపించుకుంటాడే, జట్ల పరిస్థితీ అదే. తమ ఇంట్లో పిల్లలు ఎదిగేదాకా ఆగే తీరిక ఉండదు. ఈ సీజన్, ఈ ఓవర్లు, ఇప్పుడే కావాలి.

2023 డిసెంబరులో దుబాయ్ వేలంలో కోల్‌కతా మిచెల్ స్టార్క్‌కు 24.75 కోట్లు పోసింది. 34వ ఏట అడుగుపెట్టబోతున్న బౌలర్‌కు అంతా? అని నోరెళ్లబెట్టినవాళ్లున్నారు. సీజన్ మొదట్లో అతను ధారాళంగా పరుగులిచ్చాడు కూడా. కానీ 2024 తొలి క్వాలిఫయర్‌లోనూ, ఫైనల్లోనూ హైదరాబాద్ బ్యాటింగ్ వెన్ను విరిచి రెండుసార్లూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. ఫైనల్లో మనవాళ్లు 113కే కుప్పకూలారు. ఆ డబ్బంతా ఆ రెండు సాయంత్రాల కోసమే.

> అక్కడ ఐదుగురి వరస
>
> అమెరికా బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లను (మన బౌలర్ల లాంటివాళ్లు) ఐదుగురిని వరసగా పెట్టుకుంటారు. ఇవాళ బంతి విసిరినవాడికి మళ్లీ ఐదో రోజే వంతు. అందులో ఒకరు గాయపడితే వరసంతా కదిలిపోతుంది. అందుకే ఏటా చలికాలంలో, ఒప్పందం ముగిసిన ముదురు పిచ్చర్లను ఒక్క ఏడాదికి కుదుర్చుకోవడం అక్కడ పెద్ద వ్యాపారం. 2025 సీజన్ కోసం 40 ఏళ్ల మ్యాక్స్ షెర్జర్‌ను టొరంటో 1.55 కోట్ల డాలర్లకు తీసుకుంది. అంటే 130 కోట్ల రూపాయల పైమాటే. 41 ఏళ్ల జస్టిన్ వెర్లాండర్‌కు శాన్ ఫ్రాన్సిస్కో, అంతే వయసున్న చార్లీ మోర్టన్‌కు బాల్టిమోర్ కోటిన్నర డాలర్ల చొప్పున ఇచ్చాయి. వెర్లాండర్ ఆ ఏడు నాలుగే గెలిచి పదకొండు ఓడాడు. షెర్జర్ మాత్రం 41వ ఏట, 2025 నవంబరు 1న, లీగ్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌ను తన చేత్తో మొదలుపెట్టాడు.

విజ్జీ కాలం నుంచే...

పేరున్న పెద్దాటగాణ్ని డబ్బిచ్చి పిలిపించడం ఐపీఎల్‌తో మొదలు కాలేదు. మన తెలుగు నేల మీద దీనికి తొంభై ఏళ్లకు పైబడ్డ చరిత్ర ఉంది. విజయనగరం మహారాజకుమార్ ‘విజ్జీ’ 1930–31లో తన సొంత జట్టు కోసం ఇంగ్లండ్ దిగ్గజాలు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించాడు. ఆ పర్యటనలోనే హాబ్స్‌కు 48 ఏళ్లు నిండాయి. అదే కాలంలో హైదరాబాద్‌లో మొయినుద్దౌలా గోల్డ్ కప్ మొదలైంది. సంస్థానాధీశులు పోటీపడి ఆటగాళ్లను పోషించిన రోజులవి.

తర్వాత కర్నల్ సీకే నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, భారత్‌కు తొలి టెస్టు కెప్టెన్ అయినవాడు. హోల్కర్ మహారాజు కొలువులో చేరి ఆ జట్టును దేశంలోనే మేటిగా నిలిపాడు. 1953–54లో, ఆంధ్ర రాష్ట్రం పుట్టిన కొత్తల్లో, 58 ఏళ్ల వయసులో ఆంధ్ర జట్టుకు ఆడాడు. ఆ తర్వాతా ఆగలేదు. 61వ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ బరిలో దిగాడు. కొత్త జట్టుకు ఒక పెద్దమనిషి పక్కన నిలబడితే వచ్చే ధైర్యం ఏమిటో ఆంధ్ర క్రికెట్ తన తొలి అడుగులోనే చూసింది.

అన్నిటికన్నా ఆసక్తికరమైంది 1962–63 కథ. అంతకు ముందు వెస్టిండీస్‌లో భారత్ 5–0తో ఓడింది. బార్బడోస్ మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. ప్రాణాపాయం తప్పినా అతని టెస్టు జీవితం అక్కడితో ముగిసింది. నిప్పులాంటి వేగాన్ని మనవాళ్లు ఇంటి దగ్గరే ఎదుర్కోవడం అలవాటు చేసుకోవాలని బోర్డు నిశ్చయించింది. నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను రప్పించి రాష్ట్రాలకు పంచింది. ఢిల్లీకి చెస్టర్ వాట్సన్, బెంగాల్‌కు లెస్టర్ కింగ్, బొంబాయికి చార్లీ స్టేయర్స్ వెళ్లారు. హైదరాబాద్‌కు దక్కింది రాయ్ గిల్‌క్రిస్ట్.

గిల్‌క్రిస్ట్ పేరు చెబితే అప్పటికే మన బ్యాట్స్‌మెన్‌కు గుండె దడ. 1958–59 పర్యటనలో తలల మీదికి బీమర్లు వేసినందుకు అతణ్ని మధ్యలోనే ఇంటికి పంపేశారు. 13 టెస్టుల్లో 57 వికెట్లు తీసినవాడు మళ్లీ టెస్టు ఆడలేదు. జాతీయ జట్టు తలుపు మూసుకుపోయిన ఆ ఫాస్ట్ బౌలర్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. ఎవరికీ అక్కర్లేకుండా పోయిన నైపుణ్యాన్ని ఇంకొకరు తమ పిల్లల చదువు కోసం తెచ్చుకున్నారు. అద్దెకు తెచ్చిన బౌలర్ వికెట్లు తీయడమే కాదు, పాఠం కూడా చెప్పాలన్న ఆలోచన అప్పటికే ఉంది. దాన్నే మనం మధ్యలో వదిలేశాం.

తెగిన బంధనం, అతుక్కున్న జీవితం

ఫాస్ట్ బౌలర్ బంతి వదిలే క్షణంలో ముందు కాలి మీద ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. ఆ అదురు చీలమండలోంచి మోకాలికి, అక్కణ్నుంచి నడుముకు పాకుతుంది. వేల బంతుల తర్వాత ఎక్కడో ఒకచోట ఎముక చిట్లుతుంది. బుమ్రా అంతటివాడికీ 2023లో వెన్నుకు శస్త్రచికిత్స తప్పలేదు. బేస్‌బాల్ పిచ్చర్‌కు అసలు శత్రువు మోచేయి. 1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు మోచేతి బంధనం తెగిపోయింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మరో చేతిలోని స్నాయువు తీసి అక్కడ అమర్చాడు. అప్పటిదాకా ఎవరూ చేయని సాహసం. తిరిగొచ్చిన టామీ జాన్ మరో 164 మ్యాచ్‌లు గెలిచి, 1989లో 46వ ఏట ఆట మానేశాడు. ఆ శస్త్రచికిత్సను ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు.

శరీరం తగ్గుతున్నకొద్దీ బుర్ర పెరుగుతుంది. వేగం పోయిన బౌలర్ స్లోయర్ బంతి పట్టుకుంటాడు. కట్టర్ నేర్చుకుంటాడు. బ్యాట్స్‌మన్ కాలు ఎటు కదులుతుందో అడుగు ముందే పసిగడతాడు. అందుకే ముప్పై అయిదు దాటినవాళ్లలో కొందరు ఇరవై అయిదులో కన్నా పనికొస్తారు. కానీ ఒక్క కండరం పట్టేస్తే మొత్తం సీజన్ గల్లంతు. ఈ రెండింటి మధ్య బేరమే వేలం.

> వయసు పక్కకు తప్పుకున్న వేళ
>
> షేన్ వార్న్: అంతర్జాతీయ ఆటకు 2007లో వీడ్కోలు. 2008లో 38 ఏళ్ల వయసులో కెప్టెన్‌గా రాజస్థాన్‌కు తొలి ఐపీఎల్ కప్పు అందించి, 19 వికెట్లు తీశాడు.
>
> అనిల్ కుంబ్లే: 2008 నవంబరులో టెస్టులకు స్వస్తి. 2009 ఐపీఎల్‌లో రాజస్థాన్ మీద 5 పరుగులకే 5 వికెట్లు. దక్కన్ ఛార్జర్స్‌తో ఫైనల్లో 16 పరుగులకు 4 వికెట్లు. అప్పటికి 38 ఏళ్లు.
>
> ప్రవీణ్ తాంబే: క్లబ్ క్రికెట్‌లోనే జీవితం గడిచింది. 41వ ఏట, 2013లో ఐపీఎల్ గడప తొక్కాడు. మరుసటేడు కోల్‌కతా మీద హ్యాట్రిక్.
>
> జేమ్స్ అండర్సన్: 42వ ఏట ఐపీఎల్ వేలంలో పేరిస్తే ఎవరూ తీసుకోలేదు. 2025లో సొంత కౌంటీ లాంకషైర్ కుదుర్చుకుంది.
>
> శాచెల్ పెయిజ్: నల్లజాతివాడైనందున అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్ తలుపులు ఏళ్ల తరబడి మూసే ఉంచింది. 1948లో 42వ ఏట అడుగుపెట్టాడు. 59వ ఏట, 1965లో, మూడు ఇన్నింగ్స్ పిచింగ్ చేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు.

నెహ్రా దారి

హైదరాబాద్ ముదురు బౌలర్‌ను సరిగ్గా వాడుకున్న ఏడాది 2016. ఆ వేలంలో ఆశిష్ నెహ్రాను 5.5 కోట్లకు తీసుకున్నారు. సీజన్ మధ్యలోనే అతనికి 37 నిండాయి. ఒంటి నిండా గాయాల చరిత్ర. ఊహించినట్టే టోర్నీ ముగిసేలోపు గాయమై తప్పుకున్నాడు. అయినా ఆ కొనుగోలును ఎవరూ దండగ అనలేదు. ఎందుకంటే అతని పక్కన ఎవరున్నారో చూడండి. బాక్సింగ్ వదిలి క్రికెట్‌లోకి వచ్చిన బరీందర్ శ్రాన్. తొలి ఐపీఎల్ ఆడుతున్న బంగ్లాదేశ్ కుర్రాడు ముస్తాఫిజుర్. ముగ్గురూ ఎడమచేతి వాటం పేసర్లే. వీళ్లకు తోడు భువనేశ్వర్ 23 వికెట్లతో పర్పుల్ క్యాప్ గెలిచాడు. ముస్తాఫిజుర్ ఆ ఏటి మేటి వర్ధమాన ఆటగాడయ్యాడు. మే 29న బెంగళూరును ఎనిమిది పరుగులతో ఓడించి సన్‌రైజర్స్ కప్పు ఎత్తింది. మైదానంలో లేకపోయినా సలహా చెప్పే మనిషి జట్టులో ఉంటే ఎంత తేడానో ఆ సీజన్ చూపించింది. నెహ్రా ఆ తర్వాత గుజరాత్ కోచ్ అయ్యాడు. 2022లో తొలి సీజన్‌లోనే ఆ జట్టు ఐపీఎల్ గెలిచింది.

బేస్‌బాల్‌లో టొరంటో జట్టులోనూ అదే జరిగింది. షెర్జర్ పక్కన బంతి విసిరినవాడు 22 ఏళ్ల ట్రే యెసావేజ్. వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్‌లో ఆ కుర్రాడు 12 మందిని స్ట్రయికవుట్ చేశాడు. సిరీస్ చేజారినా, ఆ జట్టుకు రాబోయే ఏళ్లకు సరిపడా పిచ్చర్ దొరికాడు.

కొన్న అనుభవం జట్టుకు కాస్త గడువు ఇస్తుంది. ఆ గడువులో మన పిల్లలు తయారైతే పెట్టిన ప్రతి రూపాయీ గిట్టినట్టే. కాకపోతే మరుసటేడు మళ్లీ సంచీ పట్టుకుని అదే సంతకు పోవాలి.

> ఎవరి ఆటగాడు ఎవరికి సొంతం?
>
> అమెరికా బేస్‌బాల్‌లో ఒకప్పుడు ఆటగాడు జీవితాంతం క్లబ్ ఆస్తే. 1969లో తనను అడగకుండా వేరే జట్టుకు ఇచ్చేశారని కర్ట్ ఫ్లడ్ కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 1975 డిసెంబరులో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నల్లీ కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆటగాళ్ల పక్షాన తీర్పు చెప్పాడు. ఆ ఇద్దరూ పిచ్చర్లే! ఇప్పుడు ఆరేళ్ల సర్వీసు నిండితే ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ ఉంది.
>
> మన దేశవాళీ క్రికెట్‌లో రాష్ట్రం మారాలంటే సొంత సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. ఒక్కో జట్టు ముగ్గురు బయటి ఆటగాళ్లనే తీసుకోవచ్చు. ఈ పద్ధతిలోనే మహమ్మద్ కైఫ్ ఆంధ్రకు, బద్రీనాథ్ హైదరాబాద్‌కు ఆడారు. మన స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా హైదరాబాద్ వదిలి బెంగాల్‌కు, తర్వాత బిహార్‌కు వెళ్లాడు.

అడవి అంచున లేనిది బలం కాదు

ఇప్పుడు మళ్లీ మన ప్రాంతానికి వద్దాం. ఏటి ఒడ్డున పెరిగి, గుట్టలెక్కి, చిన్నప్పుడే విల్లు పట్టిన కోయ పిల్లల భుజాల్లో సత్తువకు కొదవ లేదు. 2008లో బేస్‌బాల్ అంటే తెలియని ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఒక టీవీ పోటీలో బంతి విసిరి ఏకంగా అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం రాసుకున్నారు. చేతిలో వేగం ఉంటే దారి వెతికేవాళ్లు ఒకరు కావాలి, అంతే.

మన దగ్గర ఆ దారే మూసుకుపోతోంది. ఊరి టోర్నీలన్నీ టెన్నిస్ బంతితోనే. అది తేలిక కాబట్టి వేగం కోసం భుజాన్ని మరీ విసురుగా తిప్పాల్సి వస్తుంది. సీమ్ పట్టుకోవడం, బంతి మెరుపు కాపాడుకోవడం, రోజుకు ఇరవై ఓవర్లు వేయడం ఎవరూ నేర్పరు. పద్దెనిమిదేళ్లకు ఊళ్లో హీరో అయిన కుర్రాడు ఇరవై అయిదుకు ఏ పనిలోనో కుదురుకుంటాడు. ముప్పై అయిదుకు గెస్ట్ ప్లేయర్ అవుతాడు. లెదర్ బంతి ముఖం చూడకుండానే ఆ భుజం అరిగిపోతుంది.

దీనికి సరిహద్దు చిక్కు అదనం. 2014లో రాష్ట్ర విభజనప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. చుట్టూ ఉన్న పల్లెలెన్నో పోలవరం ముంపు పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పట్టణం దాటితే ఎటపాక. ఒకే మైదానంలో ఆడే ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు హైదరాబాద్ క్రికెట్ సంఘం గడప తొక్కాలి, రెండోవాడు ఆంధ్ర క్రికెట్ సంఘం చుట్టూ తిరగాలి. ఉప్పల్ సుమారు మూడు వందల కిలోమీటర్లు. రెండో సంఘమూ దగ్గరేం కాదు. సెలక్షన్‌కు వెళ్లి రావడమంటే కూలి కుటుంబానికి వారం సంపాదన.

క్రికెటర్ గొంగడి త్రిష పుట్టింది భద్రాచలంలోనే. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో మహిళల అండర్–19 ప్రపంచకప్ ఫైనల్లో లెగ్‌స్పిన్‌తో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచింది. టోర్నీ మొత్తంలో 309 పరుగులు, 7 వికెట్లు. ఫైనల్లోనూ, టోర్నీలోనూ మేటి ఆమే. రాముడి గుడి ఊరి పేరు ప్రపంచమంతా వినిపించింది. కానీ ఆ పిల్ల ఎదగడానికి కుటుంబం మొత్తం సికింద్రాబాద్‌కు తరలిపోవాల్సి వచ్చింది. ఎంతమంది తండ్రులు అలా ఊరొదిలి వెళ్లగలరు?

టెన్నిస్ బంతి నుంచి పైకి రాలేరని కాదు. హైదరాబాద్ గల్లీల్లో దానితోనే ఆడిన ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్, 2015లో రంజీ గడప తొక్కాడు. 2016–17లో భరత్ అరుణ్ హైదరాబాద్ కోచ్‌గా వచ్చిన సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొనుక్కుంది. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టును ఐదు వికెట్లతో గెలిపించి, ఆ సిరీస్‌ను 23 వికెట్లతో ముగించాడు. సిరాజ్‌కు భుజంతో పాటు ఉప్పల్ దగ్గరుంది. సరైన వేళ చెయ్యి పట్టుకునే కోచ్ ఉన్నాడు. చర్ల కుర్రాడికి ఉన్నది భుజం ఒక్కటే.

రెండు పనులు చేస్తే చాలు

గెస్ట్ ప్లేయర్లు వద్దని ఎవరూ అనక్కర్లేదు. వాళ్లొస్తేనే టోర్నీకి జనం, జనం వస్తేనే దాతలు. నిబంధనలో ఒక్క వాక్యం చేర్చండి చాలు. బయటి నుంచి తెచ్చుకున్న ప్రతి బౌలర్ తానున్న రోజుల్లో ఇద్దరు స్థానిక పిల్లలతో పొద్దునపూట బంతి వేయించాలి. ఆ పిల్లల చేత టోర్నీలో కచ్చితంగా ఓవర్లు వేయించాలి. ఫ్లెక్సీలకూ డీజేకూ అయ్యే ఖర్చులో కొంత లెదర్ బంతులకు మళ్లిస్తే, ఒక ఏడాది సాధన సాగుతుంది.

రెండో పని పెద్దవాళ్లది. ఇటు సింగరేణి గనులు, సారపాకలో ఐటీసీ కాగితపు మిల్లు, పాల్వంచలో విద్యుత్ కేంద్రం, భద్రాచలంలో గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్నాయి. కిన్నెరసానిలో గిరిజన విద్యార్థుల క్రీడా పాఠశాల ఉంది. వీళ్లంతా ఒక మాట మీదికొస్తే ఈ ప్రాంతానికి ఒక మంచి టర్ఫ్ పిచ్, ఏడాది పొడవునా నెట్స్, శిక్షణ పొందిన ఒక బౌలింగ్ కోచ్ గగనకుసుమం కాదు. ఆ కోచ్ కోసం వెతుక్కోనూ అక్కర్లేదు. ఇన్నేళ్లుగా గెస్ట్ ప్లేయర్లుగా తిరుగుతున్నవాళ్లలోంచి పనికొచ్చేవాళ్లను ఎంచి, కోచింగ్ కోర్సుకు పంపించి, నెలజీతం మీద పెట్టుకుంటే సరి. మోకాలి పట్టీతో బండి మీద ఊరూరూ తిరిగే బదులు ఆయన అనుభవం ఒకచోట నిలిచి పదిమందికి అందుతుంది. సరిహద్దు పిల్లల కోసం రెండు క్రికెట్ సంఘాలూ కలిసి ఏడాదికి ఒక్కసారి భద్రాచలంలోనే సెలక్షన్ పెట్టాలి. మూడు వందల కిలోమీటర్లు పిల్లలు వెళ్లే బదులు ముగ్గురు సెలక్టర్లు రావడం సులువు, చవక కూడా.

ముదురు బౌలర్ ఒక మ్యాచ్ గెలిపిస్తాడు. అతని దగ్గర నేర్చుకున్న కుర్రాడు పదేళ్లు గెలిపిస్తాడు. ఈసారి మీ ఊళ్లో టోర్నీ పెడుతున్నవాళ్లు బయటి బౌలర్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందు, అతని దగ్గర నేర్చుకోబోయే ఇద్దరు పిల్లల పేర్లు రాసి పెట్టుకోండి.